అసలు ఏది, నకలు ఏది: ఫిలడెల్ఫియా నుంచి నార్త్ ఆడమ్స్ దాకా

ఇతరుల వస్తువులు, బొమ్మలు తీసుకుని చేసిన కళను వెతుక్కుంటూ ఈ దారి పట్టడానికి గురువారం మంచిది. ఫిలడెల్ఫియా మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌కు మంగళ, బుధవారాలు సెలవు. గురువారం అక్కడ మొదలుపెడితే శుక్ర, శనివారాలు న్యూయార్క్‌కి, ఆదివారం బీకన్‌కి, సోమవారం మసాచుసెట్స్‌లోని నార్త్ ఆడమ్స్‌కి సరిపోతాయి. సీజన్‌ని బట్టి వేళలు మారుతుంటాయి, టికెట్లు తీసుకునే ముందు సరిచూసుకోవాలి. సామాను పెద్దగా అక్కర్లేదు: చిన్న నోట్‌బుక్, పెన్సిలు (చాలా గ్యాలరీల్లో పెన్ను తీస్తే వద్దంటారు), నడకకు పనికొచ్చే బూట్లు.

మామూలుగా బొమ్మ చూశాక లేబుల్ చదువుతాం. ఈ ప్రయాణంలో లేబుల్ ముందు చదవాలి. ఇంకొకరు చేసిన వస్తువునో, ఫొటోనో, ఆలోచననో ఎత్తుకుని తనదిగా నిలబెట్టడాన్ని అప్రోప్రియేషన్ అంటున్నారు. ఆ కళలో గుట్టంతా లేబుల్ మీది నాలుగు లైన్లలోనే ఉంటుంది. తేదీలు రెండున్నాయా? ‘పోయిన అసలుకు బదులు’ అని ఉందా? ఎడిషన్ నంబరు ఉందా? పేరు ముందు ‘ఆఫ్టర్’ (ఫలానా వారిని అనుసరించి) అని ఉందా? వస్తువు ఎవరి చేత్తో తయారైందో తెలుసుకుంటే సగమే తెలిసినట్టు. దాన్ని మళ్ళీ తయారు చేసే హక్కు ఏ కాగితంలో ఉందో, ఆ కాగితం ఎవరి దగ్గరుందో కూడా అడగాలి.

మొదటి రోజు, గురువారం: ఫిలడెల్ఫియా

మామూలు వస్తువులనే కళగా నిలబెట్టిన మార్సెల్ డుషాంప్ పని ఇంత పెద్ద మొత్తంలో ఇంకెక్కడా లేదు. అరెన్స్‌బర్గ్ దంపతులు 1950లో ఇచ్చిన సేకరణ, 1952లో కేథరిన్ డ్రయర్ వీలునామా ద్వారా వచ్చిన ‘లార్జ్ గ్లాస్’, డుషాంప్ చనిపోయాక 1969లో బిగించిన ‘ఎతాఁ దొనే’, అన్నీ ఈ ఒక్క భవనంలోనే ఉన్నాయి. నేరుగా అక్కడికే వెళ్ళాలి. మిగతా మ్యూజియం ఇంకోసారి చూడొచ్చు.

‘లార్జ్ గ్లాస్’ ఒకదాని మీద ఒకటి నిలబెట్టిన రెండు గాజు పలకలు, మొత్తం ఎత్తు దాదాపు 2.77 మీటర్లు. 1915 నుంచి 1923 దాకా చేసి, పూర్తి కాలేదంటూనే వదిలేశాడు. 1926-27లో బ్రూక్లిన్‌లో ప్రదర్శన అయ్యాక లారీలో వెనక్కి తీసుకెళ్తుంటే పగిలింది. పలకలు రెండూ ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి ఉన్నాయి కాబట్టి పగుళ్ళు రెండింటిలోనూ ఒకే వంపులో పోయాయి. దగ్గరికెళ్ళి పై పలకలో ఒక పగులు పట్టుకుని, కింది పలకలో దాని జోడీ వెతికితే కనిపిస్తుంది. 1936లో డుషాంప్ ముక్కలన్నీ చేర్చి, కొత్త గాజుల మధ్య బిగించాడు. కింది భాగంలో శంకువుల వరుస మీద గోధుమ రంగు పొర లాంటిది ఉంటుంది. అది రంగు కాదు. స్టూడియోలో నెలల తరబడి పేరనిచ్చి, వార్నిష్‌తో అంటించిన దుమ్ము.

ఈ గాజుకు నకళ్ళు ఉన్నాయి, వాటి దారులు వేరు. స్టాక్‌హోమ్‌లో ఉల్ఫ్ లిండే 1961లో ఒకటి చేస్తే, డుషాంప్ దాని మీద అసలుకు సరైన నకలని రాసి సంతకం పెట్టాడు. 1966లో లండన్ టేట్ మ్యూజియం ప్రదర్శన కోసం ఆర్టిస్టు రిచర్డ్ హామిల్టన్ ఇంకోటి చేశాడు. హామిల్టన్ పగిలిన గాజు రూపాన్ని పట్టుకోలేదు. డుషాంప్ 1934లో ‘గ్రీన్ బాక్స్’గా అచ్చేసిన నోట్స్ ముందు పెట్టుకుని ఒక్కో అంచె మొదటినుంచి నడిపాడు. అందుకే ఆ గాజు మీద అసలుకున్న పగుళ్ళు లేవు. చూపును కాపీ చేయడానికి, పద్ధతిని కాపీ చేయడానికి ఉన్న తేడాకు ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ దొరకదు. ‘గ్రీన్ బాక్స్’ సంగతీ తమాషానే: చిత్తు కాగితాల మీది నోట్స్‌ని అదే సిరా రంగులో అచ్చేయించి, అసలు కాగితం ఎలా చిరిగి ఉందో అలాగే చిరగడానికి జింకు అచ్చులు చేయించాడు. 320 పెట్టెలు. ప్రతి చిరుగూ అసలుదే, ప్రతి చిరుగూ నకలే.

యూరినల్‌ను కళగా నిలబెట్టిన ‘ఫౌంటెన్’ దగ్గర లేబుల్ తప్పక చదవాలి. ఇక్కడున్నది 1917 నాటిది కాదు, 1950 నాటిది. న్యూయార్క్‌లో ప్రదర్శన కోసం గ్యాలరీ యజమాని సిడ్నీ జానిస్ పారిస్ పాత సామాన్ల బజారులో కొన్న యూరినల్ అది. 1917లో ‘ఆర్. మట్’ సంతకంతో న్యూయార్క్‌లోని ఇండిపెండెంట్స్ (స్వతంత్ర కళాకారుల) ప్రదర్శనకు పంపింది ఎప్పుడో మాయమైంది. మిగిలింది ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ తీసిన ఫొటో. 1964లో మిలాన్‌లో ఆర్తురో ష్వార్జ్ వేసిన 8 కాపీల ఎడిషన్‌ను ఆ ఫొటో చూసే కుమ్మరి పనివాళ్ళు మట్టితో మలిచారు. అంటే ఫ్యాక్టరీ వస్తువును కళగా చూపించిన పనికి, ఇవాళ చాలా మ్యూజియంలలో ఉన్నది ఫ్యాక్టరీ వస్తువును చూసి చేత్తో చేసిన శిల్పం. 1999లో ఆ ఎడిషన్‌లో ఒకటి సోద్‌బీస్ వేలంలో 17.6 లక్షల డాలర్లకు పోయింది.

అసలు ఆ యూరినల్ పంపింది డుషాంపేనా అన్న వాదం కూడా ఉంది. 1917 ఏప్రిల్ 11న చెల్లెలికి రాసిన ఉత్తరంలో, తన స్నేహితురాలు ఒకామె మగ పేరుతో దాన్ని పంపిందని ఆయనే అన్నాడు. ఆ స్నేహితురాలు కవయిత్రి, ఆర్టిస్టు ఎల్సా ఫాన్ ఫ్రైటాగ్-లోరింగ్‌హోవెన్ అని ఒక వర్గం గట్టిగా నమ్ముతుంది. ఆ ఉత్తరం ఒక్కటే దాన్ని తేల్చదు. అయితే ఇదే మ్యూజియం సేకరణలో ‘గాడ్’ అనే పని ఉంది. చెక్క పెట్టె మీద నిలబెట్టిన మురుగునీటి గొట్టం. చాలా కాలం మోర్టన్ షాంబర్గ్ ఒక్కడి పేరుతోనే చలామణీ అయి, తర్వాత ఎల్సా పేరూ చేరింది. లేబుల్ మారడమంటే ఏమిటో దాన్నిబట్టి తెలుస్తుంది.

‘ఎతాఁ దొనే’ పాత చెక్క తలుపు. అందులో రెండు కంతలు. ఒక్కసారికి ఒక్కరే చూడగలరు కాబట్టి జనం లేని వేళ, తెరవగానే లేదా మూసే ముందు, వెళ్ళాలి. విప్పి మళ్ళీ ఎలా బిగించాలో అడుగడుగునా ఫొటోలతో, చేతిరాతతో డుషాంప్ ఒక ఫైలు తయారు చేసి ఉంచాడు. ఆయన పోయాక మ్యూజియం వాళ్ళు దాన్ని చూసే బిగించారు. తయారీ సూచనల కాగితమే కళలో భాగమవడం ఇక్కడ పనిముట్ల స్థాయిలో కనిపిస్తుంది. సాయంత్రం రైలెక్కితే గంటన్నరలో న్యూయార్క్.

రెండో రోజు, శుక్రవారం: మోమా, మెట్

మోమాలో (ఆధునిక కళ మ్యూజియం) పనులు తరచు మార్చి పెడుతుంటారు. ఏ గదిలో ఏముందో ముందురోజే వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. డుషాంప్ ‘సైకిల్ చక్రం’ లేబుల్ ఈ దారి మొత్తానికి మాదిరి లాంటిది: 1951, మూడో రూపం, 1913 నాటి పోయిన అసలు తరవాతది.

జోసెఫ్ కొసుత్ ‘ఒకటీ మూడూ కుర్చీలు’ (1965) ముందు జనం కుర్చీ కేసి చూసి వెళ్ళిపోతారు. చూడాల్సింది ఫొటోలోని నేల. కుర్చీ, దాని నిలువెత్తు ఫొటో, నిఘంటువులోని అర్థం పెద్దదిగా చేసిన పలక, ఈ మూడే పని. కొత్త చోట పెట్టినప్పుడు కుర్చీని అక్కడే ఫొటో తీసి పెట్టాలన్నది దాని పద్ధతి. ఫొటోలోని నేల, గోడ మన కాళ్ళ కింది నేలతో కలవకపోతే, అది వేరే చోట తీసిన ఫొటో అన్నమాట.

వార్హోల్ ‘క్యాంబెల్ సూప్ డబ్బాలు’ (1962) 32 కాన్వాసులు, ఒక్కోటి 20 అంగుళాల ఎత్తు, 16 అంగుళాల వెడల్పు. అందరూ సిల్క్‌స్క్రీన్ (బట్ట తెరలోంచి రంగు నెట్టే అచ్చు) అనుకుంటారు. ఇవి చేత్తో వేసినవి. కింది అంచున ఉన్న పూల గుర్తు మాత్రం చేతి ముద్ర. ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకు ఆ గుర్తు ఎలా జరిగిందో, ఎక్కడ సిరా పలచబడిందో పోల్చి చూస్తే యంత్రంలా కనిపించాలనే తాపత్రయం, చెయ్యి చేసే తప్పు పక్కపక్కనే దొరుకుతాయి. గిన్నెలు తోమే పీచు అట్టపెట్టెల నకళ్ళయిన వార్హోల్ ‘బ్రిల్లో’ పెట్టెలు (1964) చూపులో ఉంటే వాటి దగ్గర ఒక సంగతి గుర్తుంచుకోవాలి. దుకాణంలో అమ్మే ఆ అట్టపెట్టెను డిజైన్ చేసిన జేమ్స్ హార్వీ స్వయంగా అమూర్త చిత్రకారుడు. జీతం కోసం చేసిన పని ఇంకొకరి పేరుతో కళైంది. పైగా 1990లో, వార్హోల్ చనిపోయిన మూడేళ్ళకు, స్వీడన్‌లోని మాల్మోలో వందకు పైగా పెట్టెలు తయారై చాలా ఏళ్ళు అసలువిగా తిరిగాయి. ప్లైవుడ్ పెట్టె, సిల్క్‌స్క్రీన్ అచ్చు ఎవరైనా చేయగలరు. అందుకే ఇలాంటి వస్తువుకు కొనుగోలు రసీదుల గొలుసే ప్రాణం.

శుక్రవారం మెట్ (మెట్రోపాలిటన్ మ్యూజియం) రాత్రి 9 దాకా ఉంటుంది. షెర్రీ లెవీన్ ‘ఆఫ్టర్ వాకర్ ఎవాన్స్’ (1981) ప్రింట్ అక్కడి సేకరణలో ఉంది. ఫొటోలు వెలుతురుకు పాడవుతాయి కాబట్టి ఎప్పుడూ గోడ మీద ఉండవు. అదృష్టం కలిసొస్తే చూడొచ్చు. ఫొటోగ్రాఫర్ ఎవాన్స్ 1936లో అలబామా కౌలురైతుల కుటుంబాలను పెద్ద కెమెరాతో తీశాడు. లెవీన్ ఒక ప్రదర్శన కేటలాగ్‌లోని ఆ బొమ్మలను మళ్ళీ ఫొటో తీసి తన పేరుతో పెట్టింది.

ఇందులో పనితనం లేదనుకునేవాళ్ళు ఒకసారి పుస్తకంలోని బొమ్మను ఫొటో తీసి చూడాలి. కెమెరా పేజీకి సరిగ్గా సమాంతరంగా నిలవాలి. దీపాలు రెండు, అటూ ఇటూ 45 డిగ్రీల్లో. ఒకటే పెడితే నున్నటి కాగితం మెరుస్తుంది. కుట్టు వైపు పేజీ వంగి ఉంటుంది, అక్కడ గీతలు వంకరపోతాయి. అన్నిటికంటే పెద్ద చిక్కు అచ్చు చుక్కలు. కేటలాగ్ బొమ్మ నిజానికి చుక్కల వల. ఫోకస్ పదునుగా ఉంటే చుక్కలు పడతాయి, డిజిటల్ కెమెరా అయితే వాటి మీద అలల గీతలు కూడా తేలతాయి. ప్రతి తరంలో నీడలు పూడుకుపోయి, తెలుపు ఎగిరిపోతుంది. ఎవాన్స్ ప్రింట్‌లో చెక్క గోడ గరుకు చేతికి తగిలేలా ఉంటుంది. లెవీన్ ప్రింట్‌లో అది కొంత పోతుంది, ఆ పోయినదే ఆమె పని. అందుకే స్క్రీన్ మీద రెండూ పక్కపక్కన పెట్టి ‘ఒకటే కదా’ అనేసే వాదన తేలిపోతుంది. స్క్రీన్ మీద రెండింటికీ అవే పిక్సెళ్ళు.

హక్కుల సంగతి మరీ మెలిక. ఎవాన్స్ ఆ ఫొటోలు ప్రభుత్వ శాఖకు తీశాడు కాబట్టి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని ఆ సేకరణ ఎవరైనా వాడుకోవచ్చు. అయినా ఎవాన్స్ ఎస్టేట్ (ఆయన పోయాక ఆస్తి, హక్కులు చూసేవాళ్ళు) లెవీన్ పనికి అభ్యంతరం చెప్పింది, ఆ ప్రింట్లలో ఎక్కువ భాగం చివరికి ఎస్టేట్ చేతికే చేరాయి. 2001లో మైకేల్ మాండిబర్గ్ అనే ఆర్టిస్టు ఆ బొమ్మలనే స్కాన్ చేసి, ఎవరైనా ప్రింట్ తీసుకునేలా సర్టిఫికెట్‌తో సహా ఇంటర్నెట్‌లో పెట్టాడు.

మూడో రోజు, శనివారం: న్యూయార్క్ వీధులు

ఇవాళ నడకే, కింది మన్‌హటన్ నుంచి ఉత్తరానికి దాదాపు 9 కిలోమీటర్లు. మొదలు ఫోలీ స్క్వేర్. ఇలాంటి కాపీరైట్ తగవుల్లో పేరుమోసిన తీర్పులిచ్చిన సెకండ్ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు అక్కడి భవనంలోనే ఉంటుంది. శనివారం తలుపులు మూసి ఉంటాయి, మెట్ల ముందు నిలబడితే చాలు.

1992: రోజర్స్ వర్సెస్ కూన్స్. ఆర్ట్ రోజర్స్ తీసిన కుక్కపిల్లల ఫొటో పోస్ట్‌కార్డ్‌గా దొరికితే, జెఫ్ కూన్స్ దాని మీది కాపీరైట్ గుర్తు చింపేసి, అచ్చం అలాగే చేయమని ఇటలీ పనివాళ్ళకు పంపాడు. మూడు శిల్పాలు కలిపి 3,67,000 డాలర్లకు అమ్ముడయ్యాయి. ఓడిపోయాడు, ఓడిపోవాల్సిందే. సమాజాన్ని వెక్కిరించానన్నాడు కానీ ఆ వెక్కిరింతకు ఈ ఫొటోనే ఎందుకు కావాలో చెప్పలేకపోయాడు. 2006లో అదే కోర్టులో, పత్రికలోంచి చెప్పులేసుకున్న కాళ్ళ ఫొటో తీసుకున్న కేసులో గెలిచాడు. 2013లో రిచర్డ్ ప్రిన్స్ కేసులో, పాట్రిక్ కారియూ ఫొటోల మీద చేసిన 30 పనుల్లో 25 ఫెయిర్ యూజ్ (అనుమతి లేకుండానే చట్టం ఒప్పుకునే వాడకం) అంది కోర్టు. మిగతా ఐదింటిని మళ్ళీ చూడమని కింది కోర్టుకు పంపింది, తర్వాత రాజీ అయింది.

2023 మే 18న సుప్రీంకోర్టు 7-2 తీర్పుతో గాలి మారింది. లిన్ గోల్డ్‌స్మిత్ 1981లో తీసిన గాయకుడు ప్రిన్స్ ఫొటోను 1984లో వానిటీ ఫేర్ 400 డాలర్లిచ్చి, ఒక్కసారి వాడుకోవడానికి లైసెన్స్ తీసుకుంది. వార్హోల్ దాని మీద మొత్తం 16 పనులు చేశాడు. 2016లో వాటిలో ఒకదాన్ని పత్రిక అట్ట మీదికి ఇచ్చినందుకు వార్హోల్ ఫౌండేషన్‌కు 10,000 డాలర్లు ముట్టాయి, ఫొటోగ్రాఫర్‌కు పైసా లేదు. కోర్టు తప్పు పట్టింది ఆ లైసెన్స్ వాడకాన్నే. రెండూ ఒకే మార్కెట్‌లో, పత్రికలో ప్రిన్స్ బొమ్మగా, పోటీ పడ్డాయి. అప్రోప్రియేషన్ చచ్చిపోయిందని ఏడ్చినవాళ్ళు తీర్పు పూర్తిగా చదవలేదు. మ్యూజియం గోడ మీది సంగతి అందులో తేల్చనేలేదు. ఆలోచనకు కాపీరైట్ లేదన్న పాత సూత్రమూ చెక్కుచెదరలేదు. అరటిపండును టేపుతో గోడకు అంటించిన మౌరిజియో కాటెలాన్‌ను, అంతకు ముందే అరటిపండు అంటించిన ఇంకో ఆర్టిస్టు ఫ్లోరిడాలో కోర్టుకు లాగితే 2023లో కొట్టేశారు. అరటిపండును టేపుతో అంటించడానికి దారులు ఎన్ని ఉంటాయి గనక?

అక్కడినుంచి 105 హడ్సన్ వీధి. 1977లో ఆర్టిస్ట్స్ స్పేస్ గ్యాలరీలో విమర్శకుడు డగ్లస్ క్రింప్, అప్రోప్రియేషన్ తరానికి పేరు తెచ్చిన ‘పిక్చర్స్’ ప్రదర్శన పెట్టిన చోటు. లెవీన్ సహా ఐదుగురు ఆర్టిస్టులే. చూడ్డానికి ఏమీ మిగల్లేదు, దాటిపోవచ్చు.

ఆగాల్సింది ఈస్ట్ విలేజ్‌లో. 107 ఈస్ట్ 2వ వీధిలో 1961 డిసెంబర్‌లో క్లేస్ ఓల్డెన్‌బర్గ్ ‘ది స్టోర్’ తెరిచాడు. ప్లాస్టర్‌తో చేసిన తిండి, బట్టలు, రంగులు కారుతూ, కొట్టులోలాగే అమ్మకానికి. 1967లో కొన్ని వీధుల అవతల, 623 ఈస్ట్ 9వ వీధిలో, ఎలేన్ స్టర్టివాంట్ అదే ‘స్టోర్’ మళ్ళీ తెరిచింది. ఒక చిరునామా నుంచి రెండో చిరునామాకు నడిచి చూస్తే ఆ సాహసం ఎంతటిదో తెలుస్తుంది. అసలు ఆర్టిస్టు బతికే ఉన్నాడు, అదే ఊళ్ళో పేరు మీదున్నాడు, ఆరేళ్ళు కూడా కాలేదు. ఓల్డెన్‌బర్గ్‌కు కోపం వచ్చింది. వార్హోల్ మాత్రం తన ‘పువ్వులు’ చేసుకోమని స్క్రీనే ఇచ్చాడు. ఆ పువ్వుల ఫొటో కూడా ఆయనది కాదు. అది తీసిన పాట్రీషియా కాల్‌ఫీల్డ్ 1966లో దావా వేసింది, రాజీతో ముగిసింది. స్టర్టివాంట్ ట్రేసింగ్ చేయలేదు. జ్ఞాపకం మీద ఆధారపడి, వాళ్ళ పద్ధతిని నేర్చుకుని చేసేది. అందుకే ఆమె పనుల్లో చిన్న తేడాలుంటాయి. 1980ల అప్రోప్రియేషన్ గుంపుకు దక్కిన పేరులో కొంతైనా ఈమెకు ముందే దక్కాల్సింది. మోమా పెద్ద ప్రదర్శన 2014లో వచ్చింది, ఆమె పోయిన ఏడాదిలోనే.

పడమరకు తిరిగి 80 ఈస్ట్ 11వ వీధి, ‘ఎతాఁ దొనే’ను విప్పి ఫిలడెల్ఫియాకు తరలించిన డుషాంప్ స్టూడియో ఉన్న భవనం. తర్వాత 118 ఫిఫ్త్ అవెన్యూ, మట్ పేరుకు మూలమైన జె.ఎల్. మాట్ శానిటరీ సామాన్ల షోరూం ఉన్న చోటు. ఆపైన అదే అవెన్యూలో 291, ‘ఫౌంటెన్’ ఫొటో తీసిన స్టీగ్లిట్జ్ గ్యాలరీ. చివర లెక్సింగ్టన్ అవెన్యూలో 46, 47 వీధుల మధ్య, కూల్చేసిన గ్రాండ్ సెంట్రల్ ప్యాలెస్ స్థలం. 6 డాలర్లు కట్టిన ఎవరి పనైనా పెడతామన్న ప్రదర్శన మట్ గారి పనిని మాత్రం పెట్టనిది ఇక్కడే. షోరూం నుంచి కెమెరా ముందుకి, అక్కణ్ణుంచి కనుమరుగైపోవడానికి, ఈ మొత్తం కథకు పట్టిన దూరం మూడు కిలోమీటర్లు లేదు.

నాలుగో రోజు, ఆదివారం: బీకన్

గ్రాండ్ సెంట్రల్ నుంచి హడ్సన్ లైన్ రైలు, గంటన్నర లోపు. ఎడమ వైపు కూర్చుంటే దారంతా నది. స్టేషన్ నుంచి డియా బీకన్ మ్యూజియం పది నిమిషాల నడక. 1929లో కట్టిన బిస్కెట్ పెట్టెల ముద్రణ ఫ్యాక్టరీ అది, 2003లో మ్యూజియంగా తెరిచారు. వెలుతురు ఎక్కువగా పైకప్పు అద్దాల నుంచే. చలికాలంలో మధ్యాహ్నం దాటితే సన్నటి పెన్సిల్ గీతలు కనిపించవు, కాబట్టి సాల్ లెవిట్ గోడలు (ఆయన రాసిచ్చిన సూచనల ప్రకారం ఇతరులు గోడ మీద గీసే చిత్రాలు) ముందు చూడాలి.

డాన్ ఫ్లావిన్ ‘టాట్లిన్‌కు స్మారకాలు’ అంగట్లో దొరికే తెల్ల ట్యూబ్‌లైట్లు. 2, 4, 6, 8 అడుగుల మామూలు కొలతలే. ట్యూబు కాలిపోతే మార్చుతారు, పని మారినట్టు కాదు. ఇది ఫ్లావిన్ పనే అని చెప్పే సర్టిఫికెట్ పోతే మాత్రం ఆ ట్యూబులు ట్యూబులే. ఇక పాదరసం ట్యూబుల తయారీయే తగ్గిపోతోంది. అంగడి సరుకని ఎంచుకున్నది ఇప్పుడు ప్రత్యేకంగా చేయించుకోవాల్సిన సరుకవుతోంది, డుషాంప్ యూరినల్‌కు పట్టిన గతే.

సాయంత్రం కారు అద్దెకు తీసుకుని ఉత్తరానికి. నార్త్ ఆడమ్స్ దాకా రైలు లేదు. కారులో సుమారు రెండున్నర గంటలు.

ఐదో రోజు, సోమవారం: నార్త్ ఆడమ్స్

ఇక్కడి మాస్ మోకా మ్యూజియంలో లెవిట్ గోడ చిత్రాలకు మూడంతస్తుల భవనం కేటాయించారు. 105 చిత్రాలు. 2008లో తెరిచారు, 2043 దాకా ఉంటాయి. లెవిట్ 2007 ఏప్రిల్‌లో పోయాడు. ఏది ఎక్కడన్నది ఆయనే నిర్ణయించినా, ఇక్కడి గోడల మీద ఆయన చెయ్యి పడలేదు. అరవై మందికి పైగా ఆరు నెలలు పనిచేశారు. కింది అంతస్తు నుంచి పైకి ఎక్కాలి: ముందు పెన్సిల్, తర్వాత సిరా పూతలు, చివర అక్రిలిక్ రంగులు. రంగులకు మోసపోయి పైనుంచి మొదలుపెడితే కింది గోడలు ఖాళీగా అనిపిస్తాయి.

51వ నంబరు (1970) దగ్గర ఎక్కువసేపు నిలబడాలి. సూచన ఒక్క వాక్యం: గోడలోని నిర్మాణ బిందువులన్నిటినీ సరళరేఖలతో కలపాలి. తలుపు మూలలు, స్విచ్ బోర్డు మూలలు, గొట్టం గోడలోకి దూరే చోటు, అన్నీ బిందువులే. 40 బిందువులుంటే జంటలు 780. పని వడ్రంగుల సుద్ద దారంతో. ఇద్దరు రెండు కొసలూ బిగించి పట్టుకుంటే దారాన్ని లాగి వదులుతారు, నీలం గీత పడుతుంది. దారం వదులుగా ఉంటే గీత లావై మసకబారుతుంది. సుద్ద ఎక్కువైతే మొదటి దెబ్బకే పొడి రాలి కింద మరకలు పడతాయి, అందుకే గోడకు కొట్టే ముందు ఒకసారి గాల్లో విదిలించాలి. పొడవాటి గీతకు మధ్యలో వేలితో అదిమి రెండు సగాలూ విడివిడిగా కొట్టాలి. తప్పు పడితే తుడవకూడదు, తుడిస్తే పులుముకుంటుంది. గోడ మారితే బిందువులు మారతాయి, చిత్రమే మారుతుంది. అయినా అది 51వ నంబరే.

46వ నంబరులో (1970) గీతలు నిలువుగా ఉండాలి, తిన్నగా ఉండకూడదు, ఒకదానికొకటి తగలకూడదు, గోడంతా సమంగా నిండాలి. స్నేహితురాలు ఈవా హెస్ పోయాక ఆమె కోసం చేసింది. తిన్నగా లేని గీత ఆమె పనుల్లోంచి తీసుకున్నది, లెవిట్ దాచలేదు కూడా. ఇక్కడ కష్టం చేతి అలవాటు. పదిహేను గీతలయ్యాక వంపులన్నీ ఒకే లయలో పడిపోతాయి, గోడ మీద దువ్వెన గుర్తులా తేలుతుంది. చాలాసేపు ఒక్కరే గీస్తే ఇది తప్పదు.

ఇంట్లో గోడ మీద ఇవి గీసుకోవచ్చా? నిక్షేపంగా. సాధనకు 797వ నంబరు (1995) సూచన మేలు: నలుగురు మనుషులు, నాలుగు మార్కర్లు. మొదటివాళ్ళు గోడ పైభాగాన నల్ల మార్కర్‌తో అడ్డంగా వంకర గీత గీస్తారు. రెండోవారు దాన్ని తాకకుండా ఎరుపుతో, మూడోవారు పసుపుతో, నాలుగోవారు నీలంతో నకలు తీస్తారు. అక్కణ్ణుంచి ఆ ముగ్గురూ వంతులవారీగా కింది అంచు దాకా చివరి గీతను నకలు తీస్తూ పోతారు. ప్రతి ఒక్కరూ ముందువాళ్ళను నిజాయితీగా కాపీ చేసినా, అడుగున గీత పైన గీతకు పోలికే లేకుండా పోతుంది. అయితే అది లెవిట్ పని కాదు. లెవిట్ పని కావాలంటే సర్టిఫికెట్, దానితో వచ్చే డయాగ్రం ఉండాలి. బయటికి చెప్పాక ఆలోచన అందరి సొత్తు అని 1973లో రాసిన మనిషే, అమ్మిన ప్రతి గోడకూ సంతకం పెట్టిన కాగితం ఇచ్చాడు. రెండూ కలవవు, కలపడానికి ఆయన ప్రయత్నించనూ లేదు. 2012లో ఒక కలెక్టరు, తన లెవిట్ సర్టిఫికెట్ పోగొట్టారని ఒక గ్యాలరీ మీద దావా వేశాడు. గోడ ఎక్కడికీ పోలేదు, పోయింది కాగితమే.

బయటికి వచ్చాక 5వ నంబరు భవనం చూడాలి, ఫుట్‌బాల్ మైదానమంత హాలు. 2006-07లో ఆర్టిస్టు క్రిస్టోఫ్ బూఖెల్ ఇక్కడ పెద్ద ఇన్‌స్టలేషన్ (హాలంతా నింపే కళాకృతి) మొదలుపెట్టి, మ్యూజియంతో చెడి సగంలో వెళ్ళిపోయాడు. సగం పని మీద మ్యూజియం పసుపు టార్పాలిన్లు కప్పి జనాన్ని లోపలికి రానిచ్చింది. కింది కోర్టు మ్యూజియం పక్షాన నిలిచినా, 2010 జనవరిలో ఫస్ట్ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు, దృశ్య కళాకారుల హక్కుల చట్టం పూర్తికాని పనికీ వర్తిస్తుందంది. టార్పాలిన్లు కప్పడం మాత్రం పనిని వికృతం చేయడం కాదంది. ఆర్టిస్టు లేకుండా, ఆయన సూచనలను బట్టి పని కొనసాగించామన్నది మ్యూజియం వాదనలో ఒక భాగం. పక్క భవనంలో 105 గోడలు సరిగ్గా అలా తయారైనవే. లెవిట్ కాగితం ఇచ్చి వెళ్ళాడు, బూఖెల్ ఇవ్వలేదు.

తిరుగు ప్రయాణానికి దగ్గరి రైలు స్టేషన్ పిట్స్‌ఫీల్డ్, కారులో ముప్పావు గంట లోపు. రోజుకు రైళ్ళు తక్కువ, టికెట్ ముందే తీసుకుని ఉంచుకోవాలి.